తొర్ర చెట్టును బతకనివ్వండి

పాల్వంచ, కిన్నెరసాని, బూర్గంపాడు, భద్రాచలం... అడవి అంచున బతికే మనకు చిరుతల గురించీ ఎలుగుబంట్ల గురించీ, కిన్నెరసాని జలాశయంలోని మొసళ్ల గురించీ ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఒక సాలీడు గురించి. పండగ ముందు బూజు కర్రతో దులిపేస్తామే, ఆ ఇంటి సాలీడు గురించి కాదు. ఇది అడవి సాలీడు. కాళ్లు చాపితే మన అరచేయి నిండిపోతుంది. ఒళ్లంతా నీలం. ప్రపంచంలోని అత్యంత అరుదైన సాలీళ్లలో ఇదొకటి. దీని సొంత చోటు తెలుగు నేలే, నల్లమల. లోకం పెట్టిన పేరు మాత్రం గుత్తి సాలీడు. నల్లమల ఎక్కడ, అనంతపురం జిల్లా గుత్తి ఎక్కడ? ఈ పేరు వెనక ఒక రైలు ఉంది.

1899లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ అనే జంతుశాస్త్రవేత్త, గుత్తిలో దొరికిన ఒక నమూనాను పరిశీలించి, ఇది ఇంతవరకు శాస్త్రానికి తెలియని జాతి అని తేల్చాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దాన్ని వర్ణించి, పోసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆ సాలీడు దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. గుత్తిని చూసినవాళ్లకు తెలుసు, అక్కడ ఉన్నవి రాతి కోట, ఎండిన గుట్టలు. పెద్ద చెట్ల తొర్రల్లో తప్ప బతకని సాలీడు ఆ రాళ్ల మధ్యకు ఎలా వచ్చింది? అడవిలో నరికిన దుంగల్లో దాగి, కలపతోపాటు రైలెక్కి వచ్చి ఉంటుందని తర్వాతి శాస్త్రవేత్తలు భావించారు. అంటే, దాని గురించి లోకానికి తెలియడానికి కారణం కూడా ఒక చెట్టు కూలడమే అన్నమాట.

ఆ తర్వాత 102 ఏళ్లు ఎవరికీ కనిపించలేదు. పేరు పుస్తకాల్లో ఉంది, నమూనా మ్యూజియంలో ఉంది, బతికున్న సాలీడు మాత్రం ఎక్కడుందో తెలియదు. చివరికి 2001లో, నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య ఉన్న అడవిలో, గుత్తికి దాదాపు 100 కిలోమీటర్ల తూర్పున, అది మళ్లీ దొరికింది. ఆ దారిలో రైల్లో ప్రయాణం చేసినవాళ్లకు ఆ అడవి గుర్తుంటుంది. గాజులపల్లె దాటగానే కొండలు దగ్గరికి వస్తాయి, దిగువమెట్ట దాకా అంతా చెట్లే.

2008లో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం, అంటే ఐయూసీఎన్, ఈ సాలీడును తన ఎర్ర జాబితాలో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల వరుసలో చేర్చింది. ఆ మెట్టు దాటితే ఇక అడవిలో ఆ జీవి లేనట్టే. ఆ అంచనా వేసిన నాటికి దాని మొత్తం విస్తీర్ణం 100 చదరపు కిలోమీటర్లకు లోపే, అదీ ఒక్కచోటే. మన కిన్నెరసాని అభయారణ్యం విస్తీర్ణం 635 చదరపు కిలోమీటర్లు. దానిలో ఆరో వంతు కూడా లేని అడవి ముక్క, అప్పటికి ప్రపంచం మొత్తంలో ఈ జాతి ఉందని తెలిసిన ఒకే ఒక్క చోటు. అదైనా చెక్కుచెదరని అడవి కాదు. వంట చెరకు కోసం, కలప కోసం నరుకుతూ పలచబడ్డ ఆకురాల్చే అడవి. 2020లో తమిళనాడులోని జింజి దగ్గర పక్కమలై అడవిలో కూడా ఇది కనిపించిందని వార్తలు వచ్చాయి. సంతోషమే. కానీ ఒకటి రెండు అడవి ముక్కలు జాబితాలో చేరినంత మాత్రాన ఆపద తీరిపోదు.

దాని నీలం గురించి కొంచెం చెప్పాలి. ఆ నీలానికి రంగు పదార్థమేదీ కారణం కాదు. కాళ్ల మీది వెంట్రుకల్లో, మామూలు కంటికి అందనంత సూక్ష్మమైన పొరల అమరిక ఉంటుంది. వెలుగు ఆ పొరల మీద పడ్డప్పుడు అందులోని నీలమే మన కంటికి తిరిగి వస్తుంది. నెమలి పింఛంలో నీలం వచ్చేదీ ఇలాగే. పింఛాన్ని మెత్తగా నూరి చూడండి, ఆ నీలం మిగలదు. 2015లో అమెరికా శాస్త్రవేత్తల బృందం ఒకటి ఈ పెద్ద సాలీళ్ల కుటుంబాన్నంతా పరిశీలించి, ఈ నీలం కనీసం ఎనిమిది సార్లు వేర్వేరుగా పుట్టిందనీ, పుట్టిన ప్రతిసారీ దాదాపు ఒకే నీలం, 450 నానోమీటర్ల దగ్గరిది, వచ్చిందనీ చెప్పింది. ఇంకో విశేషం. నెమలి పింఛాన్ని అటూ ఇటూ తిప్పితే రంగు మారుతూ ఉంటుంది. గుత్తి సాలీడు నీలం ఏ వైపు నుంచి చూసినా పెద్దగా మారదు. వెలిసిపోని, ఎటు చూసినా మారని రంగులు తయారు చేయాలనుకునే పరిశోధకులు ఆ వెంట్రుకల అమరికను నమూనాగా తీసుకుని పనిచేశారు. పలచబడ్డ ఆ కాస్త అడవిలో, ఒక తొర్రలో, ఇంత విద్య దాగి ఉంది.

ఇప్పుడు ఆ తొర్ర దగ్గరికి వెళ్దాం.

పగలంతా అది లోపలే ఉంటుంది. తొర్ర నోటి దగ్గర గరాటు ఆకారంలో పట్టు పరుచుకుని ఉంటుంది, ఒక పక్కకు ఒరిగిన గరాటు. చీకటి పడ్డాక నోటి దగ్గరికి వచ్చి, ముందు కాళ్లు చెట్టు బెరడు మీద ఆనించి కదలకుండా కూర్చుంటుంది. నీలం కాళ్ల మీద అక్కడక్కడ పసుపు పచ్చని మచ్చలు, వీపు మీద తెల్లని చారల అల్లిక. ఆ అల్లిక బెరడులో కలిసిపోతుంది. చిమ్మట పురుగో, రెక్కల పురుగో దగ్గరికి వస్తే కాళ్లతో పట్టి లోపలికి లాక్కుంటుంది. అది పట్టే వేగం చూసి తీరాలి. నిలబడ్డ చోటి నుంచి కదిలిందో లేదో మన కన్ను పట్టుకోలేదు. ఎవరైనా కదిపితే మొదట తొర్రలోకి దూరుతుంది. దూరే దారి లేకపోతే ముందు కాళ్లెత్తి బెదిరిస్తుంది. అప్పటికీ వదలకపోతే కరుస్తుంది. కరిస్తే నొప్పి తీవ్రంగా ఉంటుంది, కండరాలు పట్టేస్తాయి, ఆ బాధ రోజుల తరబడి ఉండొచ్చు. ఈ జాతి కాటుతో మనిషి చనిపోయినట్టు మాత్రం నమోదు లేదు. అందుకని దాన్ని చేత్తో పట్టుకోకూడదు, భయపడి చంపనూ కూడదు.

వయసు పెరిగే కొద్దీ చెట్టు మీద పైకి, ఇంకా పై తొర్రకు మారుతుందని గమనించారు. చిన్నవి కింది తొర్రల్లో ఉంటాయి. తొర్రలు చాలకపోతే కొన్ని కలిసి ఒకే తొర్రలో సర్దుకుంటాయి. సాలీళ్లలో ఇది అరుదైన గుణం, దొరికితే ఒకదాన్నొకటి తినే జాతులే ఎక్కువ. ఆడది పదేళ్లకు పైగా బతుకుతుంది. మగది మూడు నాలుగేళ్లు. మగది ఎదిగాక తొర్ర వదిలి ఆడదాన్ని వెతుక్కుంటూ రాత్రుళ్లు చెట్టు నుంచి చెట్టుకు తిరుగుతుంది, ఆ తర్వాత ఎక్కువ కాలం ఉండదు. మామూలు సాలీళ్ల పిల్లలు దారప్పోగు గాలిలోకి వదిలి, గాలి తీసుకెళ్లిన చోటికి ఎగిరిపోతాయి, ఒక్కోసారి చాలా దూరం. ఈ పెద్ద సాలీళ్ల పిల్లలకు సాధారణంగా ఆ విద్య లేదు. నడిచి వెళ్లాల్సిందే. పక్కన పెద్ద చెట్టు ఉంటే వెళ్తాయి. మధ్యలో రోడ్డో, చేనో, నరికేసిన మైదానమో ఉంటే అక్కడే ఆగిపోతాయి. ఒక అడవి ముక్కలో అవి పోతే, పక్క ముక్క నుంచి వచ్చి ఆ ఖాళీ నింపేవి ఉండవు.

మరి ఆ తొర్ర ఎలా పుడుతుంది? ఈదురుగాలికి ఒక కొమ్మ విరుగుతుంది. విరిగిన చోట వాన నీరు ఇంకుతుంది, బూజు పడుతుంది, లోపలి కర్ర మెత్తబడుతుంది. చెదలు వస్తాయి. వడ్రంగి పిట్ట పొడుస్తుంది. ఏళ్లకేళ్లు గడిచాక అక్కడ చేయి పట్టేంత తొర్ర తయారవుతుంది. ఇదంతా జరగాలంటే ముందు ఆ చెట్టు ముసలిది కావాలి. నిన్న మొన్న నాటిన మొక్కకు తొర్ర పడదు. కాబట్టి ఒక తొర్ర చెట్టును కొట్టేసి, దాని బదులు పది మొక్కలు నాటాం అంటే, ఆ లెక్క చిలుకకు, గుడ్లగూబకు, తేనెటీగకు, ఉడుముకు, ఈ సాలీడుకు ఏమాత్రం సరిపోదు. వాటికి కావలసిన ఇల్లు మళ్లీ తయారయ్యేసరికి వాటి తరాలు గడిచిపోతాయి.

అడవి నరుకుడు ఒక ఆపద. ఇంకోటి, దాని అందమే దానికి చేటు కావడం. విదేశాల్లో పెద్ద సాలీళ్లను గాజు పెట్టెల్లో పెంచుకునే సరదా ఉంది. ఇంత నీలం సాలీడు కనిపిస్తే ఆ సరదా ఉన్నవాళ్లు ఊరుకుంటారా? అడవి నుంచి పట్టుకెళ్లినవాటికి పిల్లలు పుట్టించి, ఇప్పుడు యూరప్‌లో, అమెరికాలో వేలకొద్దీ పెంచుతున్నారు, అమ్ముతున్నారు. అన్ని ఉన్నాయి కదా, ఇక ఆ జాతికి ఏం భయం అని అడిగేవాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. గాజు పెట్టెలో ఉన్న సాలీడు నల్లమల అడవికి ఏ పనీ చేయదు. అక్కడి చిమ్మటలను తినదు, అక్కడి పిట్టకు తిండి కాదు, అక్కడి వాన తెలియదు, అక్కడికి తిరిగి రాదు. జాతి బతకడం వేరు, ఉన్నచోట బతకడం వేరు. మనం కాపాడాల్సింది ఉన్నచోట బతకడాన్ని.

2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం సమావేశంలో, శ్రీలంక, అమెరికా దేశాల ప్రతిపాదన మీద, ఈ పోసిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని రెండో అనుబంధంలో చేర్చారు. ఈ ప్రజాతి సాలీళ్లు సహజంగా ఉన్నది భారతదేశంలోనూ శ్రీలంకలోనూ మాత్రమే. రెండో అనుబంధం అంటే, అనుమతి పత్రం లేకుండా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తీసుకెళ్లకూడదు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, ఈ అంతర్జాతీయ ఒప్పందంలోని జీవులకు ప్రత్యేకంగా ఒక షెడ్యూలు ఏర్పాటు చేసింది. చట్టం మంచిదే. కానీ చట్టం సంతలో అమ్మకాన్ని ఆపగలదేమో గానీ, వంట చెరకు కోసం గొడ్డలి పట్టుకుని వెళ్లే చేతిని ఒంటరిగా ఆపలేదు.

సాలీడుకు చోటు అంటే చెట్టు తొర్రే కానక్కర్లేదు. ఇసుక తప్ప ఇంకోచోట బతకలేని సాలీళ్లు కూడా ఉన్నాయి. దక్షిణ అమెరికాలో ఉరుగ్వే దేశం ఉంది. అక్కడి సముద్ర తీరపు ఇసుక దిబ్బల్లో అల్లోకోసా అనే ఒక సాలీడు ఉంటుంది. ఇసుకలో కలిసిపోయే తెల్లని రంగు. పగలు ఇసుకలో పట్టు పరిచిన బొరియలో దాగి, వేసవి రాత్రుళ్లు బయటికి వస్తుంది. సాలీళ్లలో మామూలుగా ఆడది పెద్దది, మగది చిన్నది, మగదే ఆడదాన్ని వెతుక్కుంటూ వెళ్తుంది. ఇక్కడ అంతా తారుమారు. మగది పెద్దది, లోతైన బొరియ తవ్వి కూర్చుంటుంది. ఆడది వెతుక్కుంటూ వస్తుంది, బొరియ ఎంత పొడవుందో లోపలికి దిగి చూస్తుంది, నచ్చితేనే ఉంటుంది. జతకట్టాక మగది ఆ బొరియ దానికే వదిలేసి బయటికి వచ్చి, నోరు ఇసుకతో మూస్తుంది. లోపలి నుంచి ఆడది కూడా మూస్తుంది. గుడ్లు పెట్టేదీ, పొదిగేదీ అక్కడే. ఈ సంగతులన్నీ 2007లో ఉరుగ్వే శాస్త్రవేత్తలు ప్రకటించినప్పుడు సాలీళ్లను చదివేవాళ్లంతా ఆశ్చర్యపోయారు. ఆ దిబ్బల మీద ఇప్పుడు భవనాలు, రోడ్లు, బయటి నుంచి తెచ్చి నాటిన చెట్లు. ఇసుక కదలకుండా గట్టిపడితే బొరియ తవ్వలేదు. బొరియ లేకపోతే పెళ్లీ లేదు, పిల్లలూ లేవు.

మన కోస్తాలో కూడా ఇలాంటి దిబ్బలున్నాయి. శ్రీకాకుళం నుంచి బాపట్ల దాటి కిందికి వెళ్లేదాకా సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బలు, వాటి మీద బాలబంద తీగ, గాలికి దొర్లే రావణాసురుడి మీసాల గుత్తులు. ఆ దిబ్బల మీద వరసగా సరుగుడు తోటలు వేశారు, విడిది గృహాలు కట్టారు, లారీలతో ఇసుక తోలారు. తుపాను ఆపుతుందని సరుగుడు మంచిదే అనేవాళ్లున్నారు. నిజమే, కొంత ఆపుతుంది. కానీ దిబ్బ తనంతట తానే తుపానుకు అడ్డు. దాని ఇసుకను తీగలు పట్టి ఉంచితే చాలు. దిబ్బను చదును చేసి సరుగుడు నాటితే ఉన్న అడ్డు తీసేసి కొత్తది కట్టినట్టవుతుంది, ఆ ఇసుకలో బతికే పురుగూ పుట్రా పోతుంది.

ఇంత దూరం ఎందుకు, మన గోదావరి ఇసుక తిన్నెల దగ్గరికే రండి. వేసవిలో నీరు తగ్గాక, రాత్రి తొమ్మిది దాటాక, టార్చిలైటును నుదుటి దగ్గర కళ్లకు ఆనించి పట్టుకుని తిన్నె మీద చూడండి. చేతిని కిందికి దించి పట్టుకుంటే కనిపించదు, కంటి ఎత్తులోనే ఉండాలి. ఇసుక మీద అక్కడొకటి ఇక్కడొకటి సన్నని పచ్చని చుక్కలు మెరుస్తాయి. మంచు బొట్టు అనుకుంటాం. దగ్గరికి వెళ్లి చూస్తే తోడేలు సాలీడు. గూడు కట్టదు, పరుగెత్తి వేటాడుతుంది. దాని కంటి వెనక ఉన్న పొర మన టార్చి వెలుగును మన కంటికే తిప్పి పంపుతుంది. ఇసుక రంగే దాని రంగు, కదలకపోతే ఎదురుగా ఉన్నా కనబడదు. ఆడదైతే తెల్లని గుడ్ల సంచిని వెనక అతికించుకుని తిరుగుతుంది. పిల్లలు బయటికి వచ్చాక అవన్నీ తల్లి వీపు మీదికి ఎక్కుతాయి. అప్పుడు టార్చి వేస్తే ఒక్క చోటే గుంపుగా చుక్కలు మెరుస్తాయి, తల్లి కళ్లు, వీపు మీది పిల్లల కళ్లు. భద్రాచలం వెళ్లి రామయ్య దర్శనం చేసుకుని గోదావరి ఒడ్డున కాసేపు కూర్చునేవాళ్లు, ఈసారి ఒక రాత్రి ఇది చూడండి.

గోదావరి ఏటా వరదొస్తే ఆ తిన్నెలు మునుగుతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, 1986లో 75 అడుగులు దాటింది. అంత వరదలొచ్చినా తిన్నె మీది జీవులు ఒడ్డుకెక్కో, కొట్టుకుపోయి ఇంకో తిన్నె చేరో మళ్లీ నిలదొక్కుకున్నాయి. నది తీసుకెళ్లిన ఇసుకను నదే మళ్లీ తెచ్చి పోస్తుంది. యంత్రం తీసుకెళ్లిన ఇసుక తిరిగి రాదు. తిన్నె అంచు నుంచి మొదలుపెట్టి నీటి మట్టం కింది దాకా తవ్వేస్తే, మళ్లీ తిన్నె కట్టడానికి నదికి ఇసుకే మిగలదు. ఇల్లు కట్టుకోవాలంటే ఇసుక కావాలి, అది నేను కాదనను. ఎంత తవ్వుతున్నారో, ఎక్కడ తవ్వుతున్నారో, ఏ తిన్నెలను ముట్టకుండా వదిలేస్తున్నారో ఊరికి తెలియాలి. గ్రామసభలో అడగాల్సిన ప్రశ్న ఇది.

సాలీడు వల్ల మాకేం లాభం అని రైతు సోదరులు అడగవచ్చు. వాళ్లకు జవాబు పొలంలోనే ఉంది. 2017లో ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కవేసి, ప్రపంచంలోని సాలీళ్లన్నీ కలిసి ఏటా 40 కోట్ల నుంచి 80 కోట్ల టన్నుల పురుగులను తింటున్నాయని చెప్పారు. అంత పెద్ద లెక్క పక్కన పెట్టి మన వరి మడినే చూద్దాం. బూర్గంపాడు, అశ్వాపురం వరి రైతుకు సుడిదోమ అంటే ఏమిటో వేరే చెప్పాలా? మొదళ్ల దగ్గర చేరి రసం పీల్చి, మడిలో వలయాలు వలయాలుగా పంటను ఎండగొడుతుంది. ఆ సుడిదోమను వరి మొదళ్ల దగ్గరే వేటాడేది ఈ తోడేలు సాలీడే. అది నీటి మీద కూడా పరుగెత్తగలదు. దోమ కనబడగానే చేతికందిన మందు కొడితే ముందు చచ్చేది ఈ సాలీడు, మిరిడ్ నల్లి లాంటి మిత్ర పురుగులు. సుడిదోమ గుడ్లు ఆకు తొడిమ లోపల ఉంటాయి, వాటికి మందు తగలదు. వారం పది రోజుల్లో కొత్త దోమలు బయటికొస్తాయి, తినేవాళ్లు ఎవరూ మిగలరు. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొట్టాక దోమ తిరగబడి విజృంభించడం వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎన్నోసార్లు చూపించిన సంగతి. మడి మధ్యలో కాలిబాటలు తీసి, మొదళ్లను పాయలు చీల్చి చూసి, దోమలు ఎన్ని, సాలీళ్లు ఎన్ని అని లెక్కపెట్టాకే మందు గురించి ఆలోచించండి.

ఇక కిన్నెరసాని. గుత్తి సాలీడు ఇల్లు నల్లమల అయినా, తొర్రల్లో ఉండే పెద్ద సాలీళ్లు తూర్పు కనుమల అడవుల్లో వేరే జాతులవి కూడా ఉన్నాయి. మన అడవి కూడా నల్లమలలాగే ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది, వేగిస, తునికి, ఇప్ప, బూరుగ, వెదురు. 1977లో అభయారణ్యంగా ప్రకటించారు. దాని చుట్టూ, పాల్వంచ నుంచి సత్తుపల్లి దాకా, మనకు కనిపించేది మరో రకం పచ్చదనం, జామాయిల్ తోటలు. కాగితం గుజ్జు కోసం వేస్తారు, కొన్నేళ్లకే కొట్టేస్తారు, మళ్లీ పిలక లేస్తుంది, మళ్లీ కొట్టేస్తారు. ఉపాధి వస్తుంది, రైతుకు డబ్బొస్తుంది, దాన్ని తప్పుపట్టను. కానీ దాన్ని అడవి అని లెక్కల్లో రాసుకోవడం తప్పు. ముసలితనం రాకుండానే కొట్టేసే చెట్టుకు తొర్ర ఎప్పుడు పడుతుంది? ఆ తోటలో సాయంత్రం నిలబడితే చిలుకల గోల వినిపించదు.

వేసవి నిప్పు గురించి కోయ అన్నలకు, అక్కలకు ఒక మాట. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకులు కాలుస్తారు. తునికాకు మంచి చిగురు వేస్తుందని పొదలకు నిప్పు పెడతారు. తాతల నాటి అలవాటు అది. అప్పుడు అడవి పెద్దది, మనుషులు తక్కువ. ఇప్పుడు ఒక చెట్టు కింద పెట్టిన నిప్పు గాలి తోడై గుట్టంతా పాకుతోంది. పచ్చి చెట్టు ఆ నిప్పును తట్టుకుంటుంది. తొర్ర చెట్టు తట్టుకోలేదు. మొదట్లో కన్నం, పైన తొర్ర, లోపలంతా ఎండు పొట్టు. నిప్పు మొదట్లో అంటుకుంటే పొగగొట్టంలో లాగినట్టు మంట పైకి లాగుతుంది. రెండు మూడు రోజులు లోపలే కాలి కాలి ఒక రాత్రి ధబ్బున కూలుతుంది. దానితోపాటు తొర్రలోని పిట్ట గూడు, తేనె పట్టు, సాలీడు అన్నీ పోతాయి. అటవీ శాఖ ఫైర్ లైన్లు తీస్తుంది, వాచర్లను పెడుతుంది. అయినా మనకు మనం జాగ్రత్త పడకపోతే వాళ్లు ఎన్ని గుట్టలకని పరుగెత్తగలరు? ఇప్పచెట్టు కింద వల కట్టి పువ్వు పట్టే పద్ధతి పక్కనే ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో వచ్చింది. వలలో పడ్డ పువ్వుకు మట్టి అంటదు, ధర కూడా మెరుగ్గా వస్తుంది. ఐటీడీఏ అధికారులు, గిరిజన సహకార సంస్థ, వన సంరక్షణ సమితులు కలిసి మన ఇప్ప చెట్ల కిందికి ఆ వలలు తేగలిగితే, నిప్పు పెట్టే అవసరమే చాలావరకు తగ్గుతుంది.

వంట చెరకుకు వెళ్లేవాళ్లు ముందు చూసేది కూడా తొర్ర పడ్డ చెట్టునే. లోపల డొల్ల, ఎలాగూ పనికిరాదు, కొట్టేద్దాం అనుకుంటారు. అటవీ శాఖ లెక్కల్లో కూడా చాలా కాలం దానికి విలువ లేదు, కలప రాదు కాబట్టి. అడవిలో జీవులకు అన్నిటికన్నా విలువైన చెట్టు అదే. నేను అటవీ అధికారులను కోరేది ఒకటే. పెద్ద చెట్లు లెక్కపెట్టేటప్పుడు తొర్ర చెట్లను కూడా గుర్తించి, వాటి బెరడు మీద ఒక గుర్తు వేయించండి. ఎంత మోడుబారిన చెట్టయినా, ఎంత ఎండిన చెట్టయినా, ఆ గుర్తున్న చెట్టును కొట్టకూడదని వన సంరక్షణ సమితిలో తీర్మానం చేయించండి.

బడుల్లో సైన్సు చెప్పే ఉపాధ్యాయులకు కూడా ఒక విన్నపం. సాలీడు కనబడితే చెప్పు తీసే అలవాటు పిల్లలకు మన నుంచే వస్తుంది. ఆరుద్ర కార్తె మొదటి వానలకు ఎర్రగా, మఖమల్‌లా మెత్తగా ఉండే ఆరుద్ర పురుగు చేలల్లోకి వస్తుంది కదా. దాన్ని మాత్రం పిల్లలు అరచేతిలో పెట్టుకుని ముద్దు చేస్తారు. దానికీ ఎనిమిది కాళ్లే, అది కూడా సాలీడు తరగతి జీవే. అక్కడి నుంచి పాఠం మొదలుపెట్టండి. తర్వాత బడి గోడ మీది సాలీడు, పొలంలో సాలీడు, చివరికి గుత్తి సాలీడు.

అడవిలో పెద్ద సాలీడు మీకు కనిపిస్తే దూరం నుంచే చూడండి. కర్రతో పొడవకండి, సీసాలో పట్టకండి. ఫొటో తీస్తే తీయండి, కానీ ఏ గుట్ట మీద, ఏ చెట్టు తొర్రలో కనిపించిందో ఫోన్లలో అందరికీ పంపకండి. ఆ వివరం కోసం కాచుకుని ఉన్న వేటగాళ్లు ఉంటారు. మీ బీట్ ఆఫీసరుకు చెప్పండి, లేదా దగ్గర్లోని డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర విభాగానికి చెప్పండి.

ఈ వేసవిలో ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లేటప్పుడు అగ్గిపెట్టె ఇంట్లో వదిలి వెళ్లండి. కట్టెలకు వెళ్లినప్పుడు తొర్ర చెట్టును వదిలి పక్క చెట్టు దగ్గరికి వెళ్లండి.